వ్యాపార రహస్యమున్న కాగితాలు సర్కారు ఆఫీసుకు ఇస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల చిన్న యూనిట్లు నడిపేవాళ్ళకు లైసెన్సులు, సబ్సిడీలు, అనుమతుల కాగితాలు తయారు చేసిపెట్టడం నా పని. కారంపొడి మిల్లులు, విత్తనాల కంపెనీలు, అద్దకం షెడ్లు, గ్రానైట్ పాలిష్ యూనిట్లు, అన్నీ వస్తాయి. ఫైలు ఆఫీసులో పెట్టి బయటికి వచ్చాక చాలామంది మెట్ల మీదే ఆగి ఒక మాట అడుగుతారు: "సారూ, అండ్ల మా లెక్కంత ఉన్నది గదా, ఎవలకన్న చూపిస్తరా?" ఆ మాట ఫైలు పెట్టకముందు అడిగితే నా పని సగం తగ్గేది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలనూ వాటికి నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను.

మా ఫార్ములా కాగితం ప్రభుత్వ ఆఫీసులో ఉంది. దాన్ని ఎవరైనా అడిగి తీసుకోవచ్చా?

అడగవచ్చు. తీసుకోగలరా అన్నది వేరే సంగతి.

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం ఆఫీసు దగ్గరున్న ఏ కాగితాన్నయినా దేశ పౌరుడెవరైనా అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదని 6(2) సెక్షన్‌లోనే ఉంది. మీ పక్క గల్లీలోని పోటీదారు తన కంపెనీ పేరు మీద కాకుండా బావమరిది పేరు మీద దరఖాస్తు పెట్టినా అది చెల్లుతుంది.

అదే చట్టంలో 8(1)(డి) ఉంది. వాణిజ్యపరంగా గోప్యమైన సమాచారం, వ్యాపార రహస్యం, మేధో సంపత్తి బయటపడి మూడో వ్యక్తికి పోటీలో దెబ్బ తగిలే పక్షంలో ఆఫీసు దాన్ని ఇవ్వక్కర్లేదు. ఆ మూడో వ్యక్తి మీరే. చట్టం భాషలో 'మూడో పక్షం', ఆఫీసుల్లో 'థర్డ్ పార్టీ' అంటారు. అయితే ఇది పూర్తి నిషేధం కాదు. అంతకంటే పెద్ద ప్రజా ప్రయోజనం ఉందని అధికారి భావిస్తే ఇవ్వవచ్చు. దాని గురించి కింద వివరంగా రాశాను.

అసలు ఏది వ్యాపార రహస్యం?

మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం ఇంకా రాలేదు. లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో ఒక ముసాయిదా బిల్లు ఇచ్చింది గానీ అది చట్టం కాదు. ఇప్పటిదాకా కోర్టులు ఒప్పందాల చట్టాన్నీ, నమ్మకద్రోహం సూత్రాన్నీ పట్టుకుని నడిపిస్తున్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం 39వ అధికరణంలో మూడు షరతులున్నాయి. సమాచారం ఆ రంగంలోని వాళ్ళకు మామూలుగా తెలిసినది కాకూడదు. రహస్యంగా ఉండటం వల్లే దానికి విలువ ఉండాలి. దాన్ని దాచుకోవడానికి యజమాని తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి.

ఎక్కువమంది తేలిపోయేది మూడో దాని దగ్గరే. ఎనుమాముల మార్కెట్ దగ్గర కారంపొడి యూనిట్ అనుకోండి. చపాట మిర్చి రంగు కోసం, తేజ ఘాటు కోసం అని యార్డులో హమాలీకి కూడా తెలుసు. అది రహస్యం కాదు. ఏ రకం ఎంత పాళ్ళలో, ఎంత తేమ మీద, ఏ వేడి దగ్గర దంచితే ఆ రంగు ఆరు నెలలు నిలుస్తుందో అది రహస్యం కావచ్చు. కానీ ఆ పాళ్ళు మిల్లు గోడ మీద సుద్దతో రాసి ఉంటే? సరుకు దించడానికి వచ్చిన ప్రతి డ్రైవరూ చదువుకుని పోతుంటే? "మీరే దాచుకోనిది మమ్మల్ని దాచమంటారేం" అని ఆఫీసరు అడిగితే దానికి జవాబు లేదు.

మామూలుగా నిలబడేవి ఇవి: మిశ్రమాల పాళ్ళు, తయారీలో వేడి, సమయం, ఒత్తిడి లెక్కలు, కొనుగోలుదారుల జాబితా వాళ్ళకిచ్చే ధరలతో సహా, ముడిసరుకు ఎవరి దగ్గర ఎంతకు కొంటున్నారన్నది, హైబ్రిడ్ విత్తనాల తల్లిదండ్రుల వరుసలు (హైబ్రిడ్ కోసం కలిపే ఆడ, మగ రకాలు), ప్రాజెక్టు రిపోర్టులోని లాభాల అంచనాలు.

దీనికి పేటెంటు తీసుకుంటే సరిపోదా?

పేటెంటు అంటే రహస్యాన్ని బయటపెట్టి, బదులుగా 20 ఏళ్ళ హక్కు తీసుకోవడం. రెండూ ఒకే సమాచారానికి కలిసి ఉండవు. జీఐ గుర్తింపూ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) అంతే. వరంగల్ డర్రీలకు 2018లో, చపాట మిర్చికి 2025లో జీఐ వచ్చింది. ఆ దరఖాస్తుల్లో రాసిన తయారీ వివరాలు జీఐ జర్నల్‌లో అచ్చవుతాయి, ఎవరైనా చదువుకోవచ్చు. డర్రీలు నేసే వరంగల్ కొత్తవాడలో ఒక కుటుంబానికి మాత్రమే తెలిసిన అద్దకం చిట్కా ఉంటే, సంఘం తరఫున వేసే అలాంటి దరఖాస్తులో దాన్ని రాయకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. అచ్చయ్యాక వెనక్కి తీసుకోలేరు.

ఏవి రహస్యం అన్నా ఒప్పుకోరు?

మీ లైసెన్సు, దాని షరతులు, మీకొచ్చిన సబ్సిడీ మొత్తం, మీమీద పడ్డ జరిమానా, తనిఖీలో రాసిన లోపాలు, పొగగొట్టం నుంచి వచ్చేదేమిటి, కాలువలోకి వదిలేదేమిటి. ఇవి పోటీలో దెబ్బతీసేవి కావు, మహా అయితే పరువుకు సంబంధించినవి. పరువు వేరు, వ్యాపార రహస్యం వేరు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నామీద అలుగుతారు.

ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీలైతే ఇంకా గట్టిగా ఉంటుంది. భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణతో ఆ ప్రమాదాల వివరాలు కార్మికులకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్న నిబంధన వచ్చింది. ఆ బాధ్యత ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. ఏ రసాయనం నిల్వ ఉందో దాచలేరు. దాన్ని ఏ పాళ్ళలో కలిపి ఏం తయారు చేస్తారన్నది వేరే విషయం.

ఎప్పుడు అడగాలి?

కాగితం ఇచ్చిన రోజే, అదే కవరింగ్ లెటర్‌లో. ఫలానా గడువు అని చట్టంలో లేదు, తరువాత కూడా రాసి ఇవ్వవచ్చు. కానీ ఇచ్చేముందు మూడో పక్షానికి నోటీసు పంపాలని చెప్పే 11వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: ఆ సమాచారాన్ని మూడో పక్షం 'గోప్యంగా పరిగణించి' ఉండాలి. ఇచ్చిన రోజున ఒక్క ముక్క రాయకుండా, ఎవరో అడిగారని తెలిశాక "అది రహస్యం" అంటే ఆ మాటకు బరువుండదు.

ఇది నాకు నేర్పింది ఒక మసాలా యూనిట్ ఫైలు. పదేళ్ళు దాటింది. సబ్సిడీ దరఖాస్తుకు అక్కర్లేకపోయినా, నిండుగా కనిపిస్తుందని, తయారీ పద్ధతి మొత్తం పాళ్ళతో సహా నాలుగు పేజీలు జత చేశాను. ఎక్కడా గోప్యం అని రాయలేదు. ఏడాదిన్నరకు ఎవరో సమాచార హక్కు కింద ఫైలు మొత్తం అడిగారు, ఆ ఆఫీసు మాకు నోటీసు కూడా పంపకుండా జిరాక్స్ తీసి ఇచ్చేసింది. ఆఫీసు తప్పు ఉంది, కాదనను. కానీ ఆ నాలుగు పేజీలు అక్కడ పెట్టింది నేను. ఆ యజమాని నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఇంకా కష్టంగా అనిపించింది.

దీనికి ఫారం ఏదైనా ఉందా? ఫీజు ఎంత?

సమాచార హక్కు చట్టం కింద అలాంటి ఫారం లేదు, ఫీజు లేదు. తెల్లకాగితం మీద లేఖ చాలు. తెలుగులో రాయవచ్చు.

ఎలా అడగాలి? వరసగా చెప్పండి.

ముందు ఫైలును రెండుగా విడదీయండి. మామూలు కాగితాలన్నీ 'జత-ఎ'. రహస్యమున్న పేజీలు మాత్రమే 'జత-బి'. జత-బిని వేరే కవరులో పెట్టి, పైన 'వ్యాపార రహస్యం – మూడో పక్షం గోప్య సమాచారం' అని రాసి, సంతకం చేసి అంటించండి. జత-ఎలో ఆ పేజీలు ఉండాల్సిన చోట "ఈ వివరాలు జత-బిలో, ఫలానా పేజీలో ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాయండి. లేకపోతే ఫైలులో పేజీలు తక్కువున్నాయని తిప్పి పంపుతారు.

ఇలా విడదీయడానికి కారణం 10వ సెక్షన్. కాగితంలో కొంత ఇవ్వదగినది, కొంత ఇవ్వకూడనిది ఉంటే, ఇవ్వకూడనిది తీసేసి మిగతాది ఇవ్వాలని అది చెబుతుంది. ఆ తీసివేత పని మీరు చేసి పెట్టకపోతే, ఏదో రోజు సాయంత్రం అయిదింటికి మీ వ్యాపారం గురించి ఏమీ తెలియని గుమస్తా చెయ్యాల్సి వస్తుంది. ఏ వాక్యం మీద నల్లగా కొట్టెయ్యాలో ఆయనకెలా తెలుస్తుంది?

తరువాత కవరింగ్ లెటర్. అందులో ఏ పేజీ, ఏ పేరా, ఏ పట్టికలోని ఏ గడి అన్నంత వివరంగా చెప్పాలి. ప్రతి దానికీ బయటపడితే నష్టమేమిటో రెండు మూడు వాక్యాలు. ఆ విషయం మీ దగ్గర ఎంతమందికి తెలుసు, ఎలా దాస్తున్నారు. నోటీసు ఏ చిరునామాకు, ఏ ఈమెయిల్‌కు పంపాలి. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. ఆఫీసు రికార్డులో మీ పాత షెడ్డు చిరునామా ఉంటే నోటీసు అక్కడికే పోతుంది, అక్కడ ఇప్పుడు టైర్ల దుకాణం ఉంటుంది.

చివరగా, లేఖ రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ప్రతి మీ దగ్గర ఎన్నేళ్ళున్నా చిత్తుకాగితమే.

నమూనా లేఖ ఇవ్వగలరా?

నేను వాడేది ఇది. మీ సంగతికి తగ్గట్టు మార్చుకోండి.

"జనరల్ మేనేజర్, జిల్లా పరిశ్రమల కేంద్రం గారికి.

విషయం: మా దరఖాస్తుతో సమర్పిస్తున్న జత-బిని గోప్యంగా ఉంచమని విన్నపం.

అయ్యా, మా దరఖాస్తుతో పాటు జత-ఎ (24 పేజీలు), జత-బి (3 పేజీలు) సమర్పిస్తున్నాము. జత-బి 1వ పేజీలోని పట్టికలో మిశ్రమ పాళ్ళు, 2వ పేజీ రెండో పేరాలో ఆరబెట్టే వేడి, సమయం, 3వ పేజీలో కొనుగోలుదారుల పేర్లు, ధరలు ఉన్నాయి. ఇవి మా సంస్థ వ్యాపార రహస్యాలు. వీటిని మేము ఎక్కడా ప్రచురించలేదు. మా సంస్థలో ఇద్దరు భాగస్వాములకు, ఒక సూపర్‌వైజర్‌కు మాత్రమే తెలుసు. సూపర్‌వైజర్‌తో గోప్యతా ఒప్పందం రాయించుకున్నాము. ఈ పాళ్ళు తెలిస్తే ఇదే యంత్రాలున్న ఏ యూనిటైనా మా సరుకును తయారు చేయగలదు. మేము ఈ పాళ్ళకు రావడానికి చేసిన ప్రయోగాల ఖర్చు వారికి ఉండదు కనుక మాకంటే తక్కువ ధరకు అమ్మగలరు.

కనుక సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 8(1)(డి) కింద జత-బిని వెల్లడి నుంచి మినహాయించమనీ, ఎవరైనా అడిగిన పక్షంలో సెక్షన్ 11 ప్రకారం కింది చిరునామాకు మాకు నోటీసు ఇవ్వమనీ, వెబ్‌సైటులో పెట్టవద్దనీ కోరుతున్నాము. జత-ఎ వెల్లడించడానికి మాకు అభ్యంతరం లేదు."

ఆ చివరి వాక్యం కావాలనే పెట్టాను. అన్నీ దాచమనేవాడిని ఎవరూ నమ్మరు. ఇరవై నాలుగు పేజీలు ఇచ్చుకోండి, మూడు మాత్రం వద్దు అంటే ఆ మూడింటి మీద అధికారి దృష్టి నిలుస్తుంది.

ప్రతి పేజీ మీద 'కాన్ఫిడెన్షియల్' ముద్ర కొట్టేస్తే పని అయిపోదా?

కాదు. బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ మీద, ఆధార్ మీద, చివరికి కరెంటు బిల్లు మీద కూడా ఆ ముద్ర కొట్టిన ఫైలు ఒకటి చూశాను. అలాంటి ఫైలులో నిజమైన రహస్యం ఏదో ఎవరూ వెతకరు. ముద్ర అవసరమే, కానీ ముద్ర కారణం కాదు.

ఆఫీసరు గారు "ఎవరికీ చూపించం, టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు. ఆ మాట చాలదా?

ఆయన మంచివారే కావచ్చు. మూడేళ్ళలో బదిలీ అవుతారు. రాసి ఇచ్చినా సరే, ఆ హామీ చట్టాన్ని మించదు. ఏ ఇతర చట్టంలో ఏమున్నా సమాచార హక్కు చట్టమే పైచేయి అని 22వ సెక్షన్ చెబుతోంది.

"నమ్మకంతో ఇచ్చాం కాబట్టి ఇవ్వకూడదు" అన్న వాదన కూడా బలహీనమైపోయింది. బ్యాంకులు రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చిన సమాచారాన్ని అడిగిన కేసులో 2015లో సుప్రీంకోర్టు, చట్టం ప్రకారం తప్పనిసరిగా సమర్పించిన సమాచారానికి అలాంటి విశ్వాస సంబంధాన్ని ఒప్పుకోలేదు. బ్యాంకులకే దొరకని రక్షణ మన మిల్లుకు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మీ వాదనను 8(1)(డి) మీదే నిలబెట్టండి.

ఇప్పుడన్నీ ఆన్‌లైన్ కదా. పోర్టల్‌లో కవరు ఎక్కడ అంటించాలి?

రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేయండి. రహస్యమున్న దాని మొదటి పేజీగా పై లేఖనే పెట్టండి. పోర్టల్‌లో గోప్యతకు ప్రత్యేక గడి లేకపోతే, దరఖాస్తు నంబరు వేసి ఆ లేఖను సంబంధిత ఆఫీసులో కాగితం మీద కూడా ఇచ్చి ముద్ర వేయించుకోండి. 'ప్రాజెక్టు వివరణ' లాంటి గడుల్లో పాళ్ళు రాయకండి.

ఒక జాగ్రత్త: పీడీఎఫ్‌లో అక్షరాల మీద నల్ల డబ్బా పెడితే అక్షరాలు పోవు. మౌసుతో ఎంచుకుని కాపీ చేస్తే కింద ఉన్నదంతా వస్తుంది. ప్రింటు తీసి, నల్ల మార్కరుతో కొట్టేసి, దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ను స్కాన్ చేయండి. పాతకాలం పద్ధతే, కానీ ఇందులో కాపీ చేసుకోవడానికి ఏమీ మిగలదు.

పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. దరఖాస్తులో చూపించిన మేధో సంపత్తికి చెందిన గోప్య సమాచారాన్ని వెబ్‌సైటులో పెట్టకూడదు. 'దరఖాస్తులో చూపించిన' అన్నది గమనించండి. చూపించకపోతే ఆ వెసులుబాటు మీది కాదు.

మాకు సెక్షన్ 11 నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

ముందు కవరు మీద అందిన తేదీ రాయండి. ఆ రోజు నుంచి మీకు పది రోజులే.

లెక్క ఇలా నడుస్తుంది. దరఖాస్తు అందిన అయిదు రోజుల్లో ప్రజా సమాచార అధికారి (ఆఫీసులో ఈ దరఖాస్తులు చూసే అధికారి) మీకు నోటీసు ఇవ్వాలి. మీరు పది రోజుల్లో ఇవ్వండి లేదా ఇవ్వకండి అని, కారణాలతో, రాతపూర్వకంగా గానీ నోటితో గానీ చెప్పాలి. నోటితో చెప్పవచ్చన్నది చట్టంలో ఉంది, కానీ దయచేసి రాసే ఇవ్వండి. దరఖాస్తు అందిన నాటి నుంచి నలభై రోజుల్లో అధికారి నిర్ణయం తీసుకుని మీకు కూడా తెలియజేయాలి.

పది రోజుల్లో నాలుగు రోజులు మన దగ్గర 'ఎవరు అడిగి ఉంటారు' అన్న చర్చలోనే పోతాయి. ఎవరడిగినా మీ జవాబు మారదు. "అడిగినవాడు మా పోటీదారు మనిషి" అని రాసినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే అడిగేవాడి ఉద్దేశం చట్టానికి అక్కర్లేదు. నష్టం ఎలా జరుగుతుందో అదే రాయాలి. "మా వ్యాపారం దెబ్బతింటుంది" అన్నది కారణం కాదు, ఫిర్యాదు. "ఈ ధరల పట్టిక దొరికితే వచ్చే సీజన్లో మా కొనుగోలుదారుల దగ్గరికి రెండు రూపాయలు తగ్గించి వెళ్ళగలరు" అన్నది కారణం.

అడిగిన కాగితాల్లో ఏవి ఇవ్వవచ్చో కూడా మీరే చెప్పండి. కొట్టివేతలు చేసిన ప్రతిని మీరే తయారు చేసి జత చేస్తే, అధికారి చాలాసార్లు దాన్నే ఇచ్చి ఊపిరి పీల్చుకుంటారు. ఆయనకు కూడా ఒత్తిడి ఉంటుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఆయన జేబులోంచి పోతుంది.

నోటీసు ఇవ్వకుండానే ఇచ్చేస్తే?

అది పద్ధతి తప్పడమే. 2019లో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తన సొంత ఆఫీసుకు చెందిన కేసులోనే, 11వ సెక్షన్ పద్ధతి పాటించాకే తేల్చమని సమాచార అధికారికి చెప్పింది. మీరు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకు పోవచ్చు. కానీ పోయిన రహస్యం తిరిగి రాదు. అందుకే లేఖలో సెక్షన్ 11 పేరు ముందే రాయమనేది.

అధికారి ఇచ్చేస్తామని నిర్ణయించారు. ఇంకా దారి ఉందా?

ఉంది. ఆ ఉత్తర్వు తేదీ నుంచి 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అది 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లోపు తేలాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రాష్ట్ర ఆఫీసులైతే హైదరాబాదులోని తెలంగాణ సమాచార కమిషన్, కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని కేంద్ర కమిషన్. మూడో పక్షం సమాచారం గురించిన అప్పీలులో కమిషన్ మీ మాట వినే అవకాశం ఇవ్వాలి.

అప్పీలు వేసిన రోజే సమాచార అధికారికి కూడా ఒక లేఖ ఇవ్వండి: అప్పీలు తేలేదాకా ఆ పేజీలు ఇవ్వవద్దని. ఇవ్వబోతున్నారన్న అనుమానం గట్టిగా ఉంటే హైకోర్టులో రిట్ ఒక్కటే మార్గం, అప్పుడు వకీలు కావాలి. అంతవరకూ వకీలు లేకుండానే నెట్టుకురావచ్చు.

కమిషన్ దగ్గర ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. అప్పీళ్ళు కుప్పలుగా పేరుకుపోయాయి. సమాచారం కోసం ఎదురుచూసేవాళ్ళకు అది పెద్ద అన్యాయం. సమాచారం దాచుకోవాలనుకునేవాళ్ళు మాత్రం లోలోపల సంతోషించారు. నేను ఇద్దరి దరఖాస్తులూ రాసినవాణ్ణి, అందుకే ఆ సంతోషంలో పాలుపంచుకోలేకపోయాను.

'పెద్ద ప్రజా ప్రయోజనం' అంటే ఏమిటి? మా రహస్యాన్ని దాని పేరుతో ఇచ్చేస్తారా?

ఇవ్వగలరు. ఇది కాగితం మీద కంటే ఊళ్ళో చూస్తే బాగా అర్థమవుతుంది.

అద్దకం షెడ్డు నుంచి రంగునీళ్ళు చెరువులోకి వస్తున్నాయి. చేపలు పోయాయి, బోర్లలో నీళ్ళు రంగు మారాయి. ఊరివాళ్ళు కాలుష్య నియంత్రణ మండలిని మీ రసాయనాల జాబితా అడిగారు. అక్కడ "మా పోటీదారుకు తెలిసిపోతుంది" అన్న మాట నిలబడదు, నిలబడకూడదు కూడా. కాకతీయుల నాటి నుంచీ చెరువుల మీద బతికిన ప్రాంతమిది. అయినా ఊరికి కావాల్సింది ఏ రసాయనం, ఎంత నీళ్ళలో కలుస్తోంది అన్నది. ఏ ఛాయకు ఏ పాళ్ళు అన్న అద్దకం పుస్తకం మొత్తం కాదు. మొదటిది ఇచ్చి, రెండోది ఇవ్వవద్దని అడగండి. అలా అడిగినవాళ్ళు గెలిచే అవకాశం ఉంది. రెండూ వద్దన్నవాళ్ళు రెండూ పోగొట్టుకోవచ్చు.

11వ సెక్షన్‌లో ఒక చిక్కుముడి ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు, కానీ 'చట్టం రక్షించే వ్యాపార రహస్యాలు' తప్ప అని రాశారు. ఆ రక్షించే చట్టమే మనకు ప్రత్యేకంగా లేదు కదా! అందుకని ఆ మినహాయింపు ఎంతవరకు పనిచేస్తుందన్నది వాదనల్లోనే నలుగుతోంది. దాని మీదే భారం వేసి కూర్చోకండి.

టెండరులో మేం వేసిన ధరలు?

టెండరు తెరిచేదాకా రహస్యం. పని ఒకరికి ఇచ్చాక గెలిచిన ధర ప్రజల సొమ్ము లెక్క, దాచమనడం కష్టం. ఆ ధరకు ఎలా వచ్చారన్న లోపలి లెక్క మాత్రం అడిగి చూడవచ్చు. కాలాన్ని బట్టి రహస్యం కరిగిపోతుందని 2011లో చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ కేసులో సుప్రీంకోర్టు కూడా అంది: పరీక్షకు ముందు ప్రశ్నపత్రం రహస్యమే, పరీక్ష అయ్యాక కాదు.

మాది విత్తనాల కంపెనీ. తల్లిదండ్రుల వరుసల సంగతి?

కరీంనగర్, హుజూరాబాద్, జమ్మికుంట వైపు హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి చూసినవాళ్ళకు తెలుసు, ఆడ వరుసలు, మగ వరుసలు రైతు పొలంలో బాహాటంగానే ఉంటాయి. కోడ్ నంబర్ల సంచుల్లో కంపెనీ తరఫు ఆర్గనైజర్ తెచ్చి ఇస్తాడు, ఏ వరుస ఎక్కడిదో రైతుకు తెలియదు. అంటే రహస్యం మొక్కలో లేదు, ఆ కోడ్ వెనకాల ఉన్న పేరులో ఉంది.

కొత్త రకాన్ని మొక్కల రకాల పరిరక్షణ చట్టం, 2001 కింద రిజిస్టర్ చేయాలంటే తల్లిదండ్రుల వరుసల పూర్తి వివరాలు ఇవ్వాల్సిందే. అది కేంద్ర సంస్థ, ఢిల్లీలో ఉంటుంది. అక్కడ కూడా వివరాలను వేరే జతగా, కారణాలతో ఇవ్వండి. ఇక్కడ వ్యవసాయ శాఖకు ఇచ్చే కాగితాల్లో అవే వివరాలు అలవాటుగా మళ్ళీ రాసేస్తుంటారు. ఆ ఫారం అడిగితేనే రాయండి.

ఒక్క హెచ్చరిక. విత్తనం మొలకెత్తక, పూత రాక రైతు నష్టపోయి కలెక్టరేట్ ముందు కూర్చున్నప్పుడు మొలక శాతం పరీక్షలు, లాట్ నంబర్లు, ఒప్పంద పత్రాలు రహస్యం అనకండి. అవి రహస్యం కావు.

ఎన్నేళ్ళు దాస్తారు?

మీ లేఖకు కాలపరిమితి లేదు. కానీ సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం, ఇరవై ఏళ్ళు దాటిన సంఘటనలు, విషయాల సమాచారానికి కొన్ని మినహాయింపులే మిగులుతాయి, వ్యాపార రహస్యం వాటిలో లేదు. తాతల నాటి చిట్కాతో నడిచే యూనిట్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండు మూడేళ్ళకోసారి లేఖ తీసి చూడండి. అందులో రాసింది ఇప్పటికే బయట అందరికీ తెలిసిపోయి ఉంటే, దాన్ని వదిలేసి మిగతాదాని మీద నిలబడండి.

ఆఫీసులోని మనిషే ఫోటో తీసి బయట ఇస్తే?

అది సమాచార హక్కు సంగతి కాదు, దొంగతనం లాంటిది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ తనకు తెలిసిన తయారీ పద్ధతిని బయట చెప్పకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 118వ సెక్షన్ నుంచే ఉంది. శాఖాపరమైన ఫిర్యాదు, నమ్మకద్రోహం మీద సివిల్ దావా, ఈ రెండూ దారులు. రెండింటికీ మీరు ఏ కవరులో, ఏ తేదీన, ఎవరికి ఇచ్చారన్న రుజువు కావాలి. మళ్ళీ ఆ ఇన్‌వర్డ్ ముద్ర దగ్గరికే వచ్చాం.

అసలు ఇంత వివరం ఇవ్వాల్సిందేనా?

ఈ ప్రశ్న అందరికంటే ముందు అడగాల్సింది, అందరూ చివర అడుగుతారు. ఏ కాగితం అడిగినా "ఏ నిబంధన కింద సార్?" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడ కావాల్సింది ముడిసరుకుల పేర్లు, నెలకు ఎన్ని టన్నులు, కరెంటు ఎంత అన్నంతే. ప్యాకెట్ మీద పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువ వరసలో అచ్చేస్తారు కాబట్టి పేర్లు ఎలాగూ బయటే ఉంటాయి. పాళ్ళు మాత్రమే మీవి.

ఆ మసాలా యూనిట్ యజమాని మొన్న లైసెన్సు పునరుద్ధరణకు మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. తయారీ పద్ధతి అన్న చోట ఏం రాయాలని అడిగాను. "శుభ్రం చేయుట, ఎండబెట్టుట, దంచుట, ప్యాకింగ్," అన్నాడు. నాలుగు మాటలూ అలాగే రాశాను. ఫైలు మారుమాట లేకుండా పాసైంది.